బొల్లాపల్లి మబ్బులూ, నడిసముద్రపు దీవులూ

పిల్లలూ, పల్నాటిలో వినుకొండ దాటి నల్లమల కొండల వైపు పోతే బొల్లాపల్లి వస్తుంది. ఎండాకాలంలో అక్కడి అడవిని చూస్తే చెట్లన్నీ చచ్చిపోయాయనుకుంటారు. అదేమీ లేదు! ఒంట్లోని నీరు ఆరిపోకుండా ఆకులు రాల్చి నిలబడ్డాయి, అంతే. తొలకరి పడగానే కొండలు పచ్చబడతాయి.

రైతు కూడా ఆ తొలకరి కోసమే ఆకాశం కేసి చూస్తాడు. కొన్ని యేళ్లు మబ్బులు ముఖం చాటేస్తాయి. వేసిన విత్తనం మట్టిలోనే మాడిపోతుంది. అందుకు ఒక కారణం ఎక్కడున్నదో తెలుసా? వేల మైళ్ల అవతల, పసిఫిక్ మహాసముద్రంలో!

రెండేళ్ల నుంచి ఏడేళ్లలో ఒకసారి అక్కడ భూమధ్యరేఖ దగ్గర సముద్రం మామూలు కంటే వేడెక్కుతుంది. దీనికి పెరూ జాలరులు పెట్టిన పేరు ఎల్ నినో, అంటే చిన్న బాబు. బాబు చిన్నవాడే గాని చేసే అల్లరి పెద్దది! వానమబ్బులు ఆ వేడినీటి వెంట తూర్పుకు జరుగుతాయి. మన నైరుతి రుతుపవనాలు నీరసిస్తాయి.

1982లో అలాగే జరిగింది. మన దేశంలో వానలు తగ్గాయి. దక్షిణ అమెరికాకు పడమర సుమారు 600 మైళ్ల దూరాన ఉన్న గలాపగోస్ దీవులలో మాత్రం నెలల తరబడి కుంభవృష్టి! అక్కడి సాంతా క్రూజ్ దీవిలో స్కలీషియా అనే చెట్లున్నాయి. అవి మన పొద్దుతిరుగుడుకు చుట్టాలే, కాని ఇంటికంటె ఎత్తు పెరుగుతాయి. ఆ వానలకు ఆ అడవిలో పెద్ద చెట్లు చాలావరకు చచ్చిపోయాయి. తరువాత వాటి నడుమ ఎండ తగిలి, గుంపులు గుంపులుగా మొలకలు లేచాయి.

అయితే ఈ బాబు ఎప్పుడూ ఒకేలా ఆడడు. 1997లో ఎల్ నినో బలంగా వచ్చినా, మన దేశంలో వానలు మామూలుగానే కురిశాయి. అందుకే బొల్లాపల్లి రైతు, ఎల్ నినో వార్త చెవిన పడ్డా, విత్తనాల మూట సిద్ధం చేసుకునే కూర్చుంటాడు.