డికాక్షన్ దిగేదాకా

మా అమ్మమ్మకి ఇల్లంతా కాఫీ వాసన రావడం ఇష్టముండేది కాదు. ఎవరైనా వీధిగుమ్మంలోంచే "కాఫీ ఘుమఘుమలాడిపోతోందండీ" అంటూ లోపలికొస్తే, మెచ్చుకున్నారని సంతోషించకపోగా గబగబా వంటింట్లోకి వెళ్ళేది. "ఫిల్టరు మూత ఎవరు తీశారే? వాసనంతా ఇంటికి పంచిపెడితే గ్లాసులోకి ఏం మిగులుతుంది?" అని కేకలేసేది. ఆవిడది చాదస్తం అనుకునేవాళ్ళం. ముప్ఫయ్యేళ్ళుగా రోజూ ఫిల్టరు వేస్తున్నాను, ఇప్పుడు నాదీ అదే మాట.

నిజానికి కాఫీ గింజకి పుట్టుకతో ఆ వాసన లేదు. ఒక డిసెంబరులో అరకు వెళ్ళినప్పుడు చూశాను. పొడుగాటి సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. ఒకే కొమ్మకి పచ్చికాయలూ, దోరవీ, ఎర్రగా మాగినవీ కలిసే ఉన్నాయి. అక్కడి గిరిజన స్త్రీలు మాగినవి మాత్రమే ఏరి బుట్టలో వేసుకుని, తక్కినవాటి కోసం మళ్ళీ కొన్నాళ్ళకి అదే మొక్క దగ్గరికి వస్తారు. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని విన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ వేళ్ళే. ఒకావిడ ఎర్రటి పండొకటి నా చేతిలో పెట్టింది. నొక్కితే జిగురుజిగురుగా రెండు గింజలు జారిపడ్డాయి. ఆ జిగురు నాలిక్కి తియ్యగా తగిలింది, కాఫీ జాడే లేదు. ఎండిన పచ్చిగింజల్ని వాసన చూస్తే ఎండుగడ్డి గుర్తొచ్చింది.

వాసన పుట్టేది వేపుడులో. వేడి 200 డిగ్రీల దరిదాపులకి వెళ్ళి, గింజ చిటపటలాడి, ఉబ్బి, గోధుమరంగుకి తిరిగితేనే అది కాఫీ అవుతుంది. పుట్టిన క్షణం నుంచే పారిపోవడం కూడా మొదలు. గింజగా ఉంటే కొన్నాళ్ళు ఆగుతుంది, పొడి కొడితే ఆగదు. అందుకే అమ్మమ్మ నెలసరి సరుకుల్లో కాఫీపొడి రాసేది కాదు. వారానికి పావుకిలో, అదీ కళ్ళెదుట మర పట్టించుకుని తేవాలి. పీబెర్రీ సగం, ప్లాంటేషన్ ఎ సగం. పండులో రెండు గింజలకి బదులు ఒక్కటే ఎదిగితే అది బఠాణీలా గుండ్రంగా తయారవుతుంది, అదే పీబెర్రీ. తెచ్చేది నేనే. మరలోంచి అప్పుడే వచ్చిన పొట్లం అరచేతిలో వెచ్చగా ఉండేది.

చికోరీ మీద నాకు కోపం లేదు. అదొక మొక్క వేరు. వేయించి పొడి చేసి కలిపితే రంగూ చిక్కదనమూ వస్తాయి. మిశ్రమంలో 49 శాతం దాకా కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది గానీ మా ఇల్లు ఒప్పుకోదు. కిలోకి 200 గ్రాములు చాలు. అంతకు మించితే కాఫీ పేరు చెప్పుకుని చికోరీ తాగడమే.

ఇక ఫిల్టరు. పై గిన్నెలో పొడి వేసి, కాడ ఉన్న చిల్లుల బిళ్ళతో మెత్తగా అదమాలి. గట్టిగా అదిమితే నీళ్ళు దిగవు. వదులుగా వదిలేస్తే గబగబా జారిపోయి పలచటి కషాయం వస్తుంది. నీళ్ళు తెర్లాక దించి, ముందు పొడి తడిసేటన్నే పొయ్యాలి. పొడి తాజాదైతే బుడగలు బుడగలుగా పొంగుతుంది, వేపుడులో లోపల చిక్కుకున్న గాలి అలా బయటపడుతుంది. అది సద్దుమణిగాక తక్కిన నీళ్ళు పోసి మూత పెట్టెయ్యాలి. ఆ తరవాత మనం చెయ్యగలిగింది ఏమీ లేదు. మా ఇంట్లో పొద్దున్నే అందరి నోటా ఒకటే ప్రశ్న, "దిగిందా?" చెవి దగ్గర పెడితే చుక్క పడే చప్పుడు వినిపిస్తుంది. తొందరపడి చెంచాతో కొడితే దిగుతుంది గానీ, దాంతోపాటు మడ్డీ దిగుతుంది.

పెళ్ళయిన కొత్తల్లో డికాక్షన్ చల్లారిపోయిందని గిన్నె పొయ్యి మీద పెట్టాను. వంటిల్లంతా ఎప్పుడూ లేనంత గొప్ప వాసన! కాఫీ కలిపి తాగి చూస్తే ఒట్టి చేదు. అమ్మమ్మ మాట నాకు పూర్తిగా అర్థమైంది ఆ పొద్దున. అప్పటినుంచి డికాక్షన్‌కి మంట చూపించలేదు. కాఫీకి కావలసిన వేడిని పాలే ఇవ్వాలి.

కాబట్టి పాలు అప్పుడే పొంగినవై ఉండాలి. నీళ్ళు కలపని గేదెపాలు, ఒకే ఒక్క పొంగు. కాచిన పాలని మళ్ళీమళ్ళీ కాస్తే ఆ వాసన కాఫీ మీదికెక్కి కూర్చుంటుంది. గ్లాసులో చెంచాడు పంచదార, దాని మీద డికాక్షన్, ఆపైన పాలు. రంగు చింతగింజలా ఉంటే పాలు చాలలేదని, వెలిసిపోయినట్టుంటే ఎక్కువయ్యాయని. కొత్తకుండ రంగు రావాలి. నురగ కోసం జానెడెత్తు నుంచి రెండుసార్లు తిరగపోస్తాను, మూడోసారి పొయ్యను. హోటళ్ళలో మూరెడెత్తున లాగి పోస్తుంటే చూడ్డానికి బాగానే ఉంటుంది. నా ప్రాణం మాత్రం ఆ పైకి పోతున్న ఆవిరి మీదే ఉంటుంది.

అమ్మమ్మ అందరూ వచ్చి కూర్చున్నాకే కింది గిన్నె విడదీసేది. ఇప్పుడు నేనూ అంతే. పాలు అంచుదాకా వచ్చాయి, గ్లాసులు వరసగా పెట్టాను, గిన్నె ఇంకా విడదీయలేదు. "ఏమండీ, మొహం కడుక్కున్నారా? దిగింది, రండి."