న్యూ ఆస్టిన్‌కి ఎక్స్‌పాన్షన్ ఏదండీ?

రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 (2018) ఆడినవాళ్ళంతా మంచుకొండల గురించే చెబుతారు. నాకు మాత్రం మ్యాపులో నైరుతి మూలనున్న న్యూ ఆస్టినే ఇష్టం. కొలిమిగుండ్ల నుంచి జమ్మలమడుగు వైపు ఎండలో బండి మీద వెళ్ళినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. దుమ్ము, కంపచెట్లు, నీడలేని దారి... అచ్చం మన సీమే, నాపరాళ్ళు ఒక్కటే తక్కువ :)

అంత నేల గీసి ఖాళీగా వదిలేశారు! ఆర్థర్ అటుపోతే కాల్చిపారేస్తారు. చివర్లో జాన్‌తో వెళ్ళొచ్చు గానీ, అసలు కథ అటు దాదాపు తొంగిచూడదు. 2010లో మొదటి ఆటకి అన్‌డెడ్ నైట్‌మేర్ ఇచ్చిన రాక్‌స్టార్, దీనికి కథ ఉన్న ఎక్స్‌పాన్షన్ ఒక్కటీ ఇవ్వలేదు. అంతా ఆన్‌లైన్ అన్నారు. 2022 జూలైలో దానికీ ఇక పెద్ద అప్‌డేట్లు ఉండవని తేల్చేశారు.

2023లో సైబర్‌పంక్‌కి వచ్చిన ఫాంటమ్ లిబర్టీ చూడండి. డాగ్‌టౌన్ అనే ఒక్క పేటలో ఎన్ని బతుకులు ఇరికించారో! నేను కొత్త మ్యాపు అడగట్లేదు, ఉన్న నేలలో మనుషుల్ని పెట్టమంటున్నా. గొర్రెలు కాసేవాడికీ, బోరు ఎండినవాడికీ కథ ఉండదా? మన సినిమావాళ్ళకి సీమంటే సుమోలూ నాటుబాంబులే, వీళ్ళకేమో తుపాకులూ పాములూ.

అయినా వారానికోసారి గుర్రమెక్కి ఆర్మడిల్లో దాకా ఊరికే తిరిగొస్తుంటా.