వెన్నులోని వెదురు

ఆషాఢ శ్రావణములలో గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చినంతనే ధవళేశ్వరము దిగువ రేవులలో పులసల వేట మొదలగును. సముద్రములో నున్నంతకాలము విలస యని పిలువబడు ఈ చేప, గ్రుడ్లు పెట్టుటకై వరదనీటికి ఎదురీది నదిలోనికి వచ్చిన పిదప పులస యగును. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెతను ఈ సీమలో ఎఱుగనివారు లేరు. తినువారందఱును దాని ముండ్లను విసుగుకొందురే కాని, వెన్నెముకలోని ఒక్క పూసను చేతబట్టి చూచినవారు అరుదు.

ఆ పూస శివుని చేతి డమరుకమువలె నడుమ సన్నమై, ఇరుప్రక్కల గుంటలు పడియుండును. పచ్చి చేపలో, పూసకును పూసకును నడుమనున్న ఆ గుంటలలో మెత్తని జిగురువంటి పదార్థము కనబడును. కూరలో అది ఉడికిపోవును. మిగిలినది విస్తరితోపాటు పెంటకు పోవును. ఆ జిగురు, వెన్నెముకకంటె ముందు పుట్టి వెన్నెముకకు చోటిచ్చి తొలగిన ఒక అవయవముయొక్క శేషము. దాని పేరు పృష్ఠవంశము.

సంస్కృతమున వంశమను మాటకు వెదురు, వెన్నెముక, కులము అను అర్థములు కలవు. నిఘంటువు ప్రకారము పృష్ఠవంశమనగా వెన్నెముకయే. తెలుగు శాస్త్రగ్రంథములు మాత్రము ఆ మాటను వెన్నెముకకు ముందు పుట్టు దండమునకు కేటాయించినవి. పాశ్చాత్యులు గ్రీకు పదములతో దానిని నోటోకార్డు, అనగా వీపుతంత్రి, అనిరి. ఈ రెండింటిలో వెదురే దానికి తగిన పోలికగా తోచును. తంత్రి తనంతట నిలువలేదు. వెదురు వంగియు విఱుగక నిలుచును. అయితే వెదురు లోపల బోలు. ఇది బోలు కాదు. నీటితో ఉబ్బిన కణములు లోపలను, వానిని బిగించియుంచు ఒర వెలుపలను ఉండుటచే, గాలి కొట్టిన సైకిలు ట్యూబువలె బిగువు పొందును.

అది పుట్టుటను చూడగోరువారికి కోడిగ్రుడ్డు చాలును. అనపర్తి, తణుకు ప్రాంతముల కోళ్ళ పెంపకమును చూచినవారికి గ్రుడ్డు పిల్ల యగుటకు 21 దినములు పట్టునని తెలియును. పొదుగు పెట్టిన తొలిదినము ముగియక మున్నే, పచ్చసొనపై తేలు పలుచని పొరలో, వీపు కాబోవు చోట ఈ సన్నని కడ్డీ యేర్పడును. అప్పటికి కొట్టుకొను గుండె లేదు. ఎముక మాట సరే సరి. 1828లో కార్ల్ ఎర్నెస్టు ఫాన్ బేయర్ అను శాస్త్రజ్ఞుడు కోడిపిండములను ఓపికతో పరిశీలించి ఈ కడ్డీని వర్ణించెను.

గన్నవరము అక్విడక్టువంటి కట్టడములో కమానులను చూడుడు. తాపీమేస్త్రి కమాను కట్టునప్పుడు ముందుగా కొయ్యతో సెంటరింగు నిలుపును. దానిపై రాళ్ళు పేర్చి, అవి బిగిసిన పిదప కొయ్యను తీసివేయును. పృష్ఠవంశపు పనియు కొంతవఱకు ఇట్టిదే. అయితే కొయ్య రాళ్ళకు మీరిట్లు కావలెనని చెప్పజాలదు. పృష్ఠవంశము తన చుట్టునున్న కణములకు చెప్పగలదు.

ఈ సంగతికి దారి చూపినది జర్మనీలోని ఫ్రైబర్గు నగరమున జరిగిన ఒక ప్రయోగము. హిల్డె మాంగోల్డు అను విద్యార్థిని, తన గురువగు హాన్స్ ష్పేమన్ పర్యవేక్షణలో, మన వరిచేల కప్పకు దూరపు చుట్టమైన న్యూటు అను జంతువు పిండములను తీసికొనెను. ఒక పిండములో పృష్ఠవంశము కాబోవు చిన్న ముక్కను కోసి, వేఱు రంగు గల మఱియొక పిండమున పొట్ట కాబోవు చోట అతికెను. అచ్చట తలయు వెన్నును గల రెండవ పిండము మొలచెను! రంగుల భేదమును బట్టి చూడగా, అతికిన ముక్క పృష్ఠవంశమైనది; దానిపై నేర్పడిన నాడీనాళము మాత్రము చాలవఱకు ఆశ్రయమిచ్చిన పిండపు కణములతోనే తయారైనది. పొట్టపై చర్మము కావలసిన కణములు, ఆ ముక్క ఆజ్ఞచే నాడీకణములైనవి. ఈ వ్యాసము 1924లో అచ్చయ్యెను. ఆ యేడే హిల్డె అగ్నిప్రమాదమున మరణించెను. ఆమె వయస్సు 25 ఏండ్లు. 1935లో ష్పేమన్‌కు నోబెల్ బహుమానము వచ్చెను.

ఆ ఆజ్ఞలను మోయు రసాయనములు చాలకాలము తరువాత బయటపడినవి. పృష్ఠవంశము స్రవించు వానిలో ముఖ్యమైన యొక ప్రోటీనుకు సోనిక్ హెడ్జ్‌హాగ్ అని పేరు. అది ఒక వీడియో ఆటలోని ముళ్ళపంది పేరు. పండితులకును చిన్నపిల్లల సరదాలు ఉండునన్నమాట. దాని ప్రభావముననే నాడీనాళపు అడుగుభాగము రూపుదిద్దుకొనును. ప్రక్కనున్న కణములు వచ్చి పృష్ఠవంశము చుట్టుచేరి పూసలుగా మారును.

వంశమను మాటకు కులమను అర్థముకూడ ఇచ్చట సరిపోవుచున్నది. సముద్రములో రాళ్ళకు అంటుకొని తోలుసంచివలె కదలక మెదలక బ్రదుకు ఆసిడియనులను జీవులు కలవు. 1866లో కొవలెవ్‌స్కీ యను రష్యా శాస్త్రజ్ఞుడు వాని పిల్లల తోకలో పృష్ఠవంశమును కనుగొనెను. ఈదులాడు ఆ పిల్ల రాతికి అంటుకొనగానే దానిని పోగొట్టుకొనును. ఆ సంచియు, పులసయు, కప్పయు, కోడియు, మనిషియు కార్డేటా అను ఒక్క వంశమువారే.

మనిషికి తల్లికడుపులో మూడవ వారమున, ఆమెకు గర్భమేమోయన్న అనుమానము మాత్రమే యున్న దినములలో, ఈ కడ్డీ యేర్పడును. పూసలు గట్టిపడుకొలది వానిలోపల నలిగి మాయమగును. పూసల నడుమ మాత్రము మిగిలి మెత్తని గుజ్జునకు మూలమగును. గుజ్జు చుట్టును నారపొరలు బిగిసియుండును. ఈ రెండును కలసినదే డిస్కు.

మాసూళ్ళ కాలమున కళ్ళములలో 75 కిలోల ధాన్యపు బస్తాలు మోయు జట్టుకూలీ బరువును భరించునవి ఈ డిస్కులే. ఏండ్లతరబడి మోయగా ఒకనాడు నారపొర చిరుగవచ్చును. గుజ్జు వెలికి వచ్చి ప్రక్కనున్న నరమును నొక్కును. నడుములో పుట్టిన నొప్పి మడమదాక దిగును. డిస్కు జారినదందురు గాని, అది చోటు వీడి జారదు, చిరిగి ఉబుకును. అతడు ఆ పంటకు బస్తా యెత్తలేడు. జట్టులో అతని చోట మఱియొకడు చేరును. గాయము కంటికి కనబడదు గనుక, ఒళ్ళు వంచలేక పడుకొన్నాడని ఇరుగుపొరుగువారు అనుటయు కలదు, అది అన్యాయము.

పగటి బరువునకు గుజ్జులోని నీరు కొంత పిండబడును. రాత్రి పరుండినపుడు మరల చేరును. అందుచేత మనిషి సాయంకాలముకంటె ఉదయమున దాదాపు ఒక సెంటీమీటరు పొడవుగా ఉండును. ఇంటిగోడపై సుద్దతో గీత గీసి ఎవరైనను చూచుకొనవచ్చును. అయితే మంచము దిగిన వెంటనే కొలువవలెను. పొలము పోయి వచ్చిన తరువాత ఆ తేడా చాలవఱకు పోవును.