రెండక్షరాల ఆజ్ఞ

మా తాత వేలిముద్ర మనిషి. కాని ఆయన 1958లో కొన్న మూడెకరాల పది గుంటల కాగితం మాత్రం ఉర్దూలో వుంది. నిజాం కాలంలో మా పాలమూరు వైపు రెవెన్యూ లెక్కలన్నీ ఉర్దూలోనే నడిచాయి గనుక, రాజ్యం పోయినా పాత పట్వారీల చెయ్యి మారలేదు. రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద వ్రాసుకున్న అమ్మకం అది. సాదా బైనామా అంటారు. మా ఇంట్లో ఎవరికీ చదవరాదు. అది ట్రంకుపెట్టెలో అరవై యేళ్ళు పైబడి పడి వుంది. వాగు అవతల పది గుంటల మడి తనదని మా పెద్దనాయన (తాత అన్న కొడుకు) పోయిన సంవత్సరం అనేదాకా దాని అవసరం ఎవరికీ రాలేదు.

దసరా సెలవుల్లో పెట్టె తీస్తే చెదలు. మడతలు విప్పుతుంటేనే కాగితం ముక్కలయ్యేటట్టుంది. ఒక్కసారి విప్పి ఫోనుతో ఫోటోలు తీశాను. శిస్తు రసీదులూ అవీ కలిపి నలభైమూడు. మళ్ళీ మడవబోతే బైనామా నిజంగానే నాలుగు ముక్కలయింది. నాయిన యేమీ అనలేదు. "ఫోటో వచ్చిందిగదా" అన్నాడు.

నేను పాతబస్తీలో, లాల్ దర్వాజాలో గది తీసుకుని వుంటున్నాను. అక్కణ్ణుంచి ఛత్తా బజారుకు నడిచి పోవచ్చు. పెళ్ళికార్డులు అచ్చువేసే ఉర్దూ ప్రెస్సులన్నీ అక్కడే. ఒక ప్రెస్సులో ఒక పెద్దాయన వున్నాడు, ఒకప్పుడు చేత్తో ఉర్దూ అచ్చుప్రతులు వ్రాసిన కాతిబు. అందరూ చిచా అంటారు, నేనూ అంతే. లాప్‌టాప్ తెరమీద భూతద్దం పెట్టి చూసి, "ఇది షికస్తా, బేటా. షికస్తా అంటే విరిగింది అని. పట్వారీలు అక్షరాలు విరగ్గొట్టి వ్రాసేవాళ్ళు" అన్నాడు. రెండు మధ్యాహ్నాలు కూర్చుని, అన్నీ గట్టిగా చదివి, తెలుగులో అర్థం చెప్పాడు. నేను రికార్డు చేసుకున్నాను. మష్రిఖ్ అంటే తూర్పు, మగ్రిబ్ అంటే పడమర, షుమాల్ ఉత్తరం, జునూబ్ దక్షిణం అని అక్కడే నేర్చుకున్నాను. డబ్బిస్తే తీసుకోలేదు, చాయ్ తాగాడు.

ఫోనులో జాగా లేదని, అన్నీ లాప్‌టాప్‌లోకి ఎక్కించి ఫోనులోవి తుడిచేశాను. బి.ఎస్సీ.లో కంప్యూటర్లు చదివేవాడు చెయ్యవలసిన పని కాదని మా లెక్చరర్లు ఈ వాక్యం దగ్గర తల కొట్టుకుంటారని తెలుసు.

డిసెంబరులో ఒక ఆదివారం రాత్రి చిచా గొంతు పెట్టుకుని, వింటూ తెలుగులో వ్రాసుకుంటున్నాను. ఫోటోలు సైజు తగ్గించినప్పుడు పుట్టిన టీఎంపీ ఫైళ్ళు ఆ ఫోల్డరు నిండా వున్నాయి. వాటిని తీసేద్దామని టెర్మినల్ తెరిచి ఆర్ఎమ్, స్టార్, డాట్, టీఎంపీ అని కొట్టాను. స్టార్‌కీ డాట్‌కీ మధ్య స్పేస్ పడింది. స్టార్ ఒంటరిగా వుంటే "ఇక్కడున్నవన్నీ" అని అర్థం. అన్నీ తీసేసి, ఆ తర్వాత "డాట్ టీఎంపీ అనే ఫైలు లేదు" అని ఫిర్యాదు చేసింది. లేనిదాన్ని గురించి అంత పట్టింపు! ఆర్ఎమ్ 1971 నాటి మొట్టమొదటి యునిక్సు మాన్యువల్లోనే వున్న ఆజ్ఞ. ఇప్పటికీ మామూలుగా యేమీ అడగదు. మౌసుతో తీసేస్తే చెత్తబుట్టలో పడతాయి, దీనికి బుట్ట లేదు.

చిత్రమేమంటే, చిచా గొంతు ఆగలేదు. ఫోల్డరు ఖాళీ. ఆయన మాత్రం చదువుతూనే వున్నాడు.

మా సీనియర్ అన్నకి ఫోను చేశాను. "ముందు కీబోర్డు మీంచి చేతులు తియ్. ఆ ప్లేయర్ బందు చెయ్యకు, పాజ్ పెట్టు" అన్నాడు. తర్వాత చెప్పాడు కారణం. లినక్సులో ఫైలు వేరు, పేరు వేరు. పేరు డైరెక్టరీలో వుంటుంది. అది ఐనోడ్ అనే లెక్కల పుటను చూపిస్తుంది. ఫైలు డిస్కుమీద యే గడుల్లో వుందో ఆ పుటలో వుంటుంది. ఆర్ఎమ్ కొట్టేసేది పేరునే. పేర్లన్నీ పోయినా, యేదైనా ప్రోగ్రాము ఆ ఫైలును తెరిచి పట్టుకునివుంటే, అది వదిలేదాకా గడులు ఖాళీ కావు. ప్రొక్ అనే డైరెక్టరీలో, ఆ ప్రోగ్రాము నంబరు కింద, ఎఫ్‌డి అనే చోట దాని దారి కనిపిస్తుంది. అక్కణ్ణుంచి పెన్‌డ్రైవులోకి కాపీ చేశాను. ఒక రికార్డింగు, మొత్తంగా, దక్కింది.

మిగిలిన వాటిని పట్టుకున్నవాళ్ళు లేరు. అక్కడే ఒక అరనిమిషం ఆగాను. దాన్ని గురించి తర్వాత చెబుతాను.

రైతు బిడ్డలకి ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. పహాణీలో పేరు కొట్టేసినంత మాత్రాన మట్టి యెక్కడికీ పోదు. ఇంకొకడు వచ్చి దున్ని విత్తనం వేస్తేనే పాత పంట ఆనవాలు పోతుంది. అందుకని డిస్కుమీద ఇంకేమీ వ్రాయనివ్వగూడదు. మామూలుగా షట్‌డౌన్ చేసినా అది యేవో లాగులు వ్రాస్తుంది గనుక, పవరు బటన్ నొక్కిపట్టి ఆర్పేశాను. వేరే పెన్‌డ్రైవునుంచి లినక్సు లేపి, గదిలో మిత్రుడి ఎక్స్‌టర్నల్ డిస్కు అడుక్కుని, ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాము నడిపాను. ఎక్స్‌టీ4 పద్ధతిలో ఫైలు తీసేసినప్పుడు ఐనోడ్‌లోని గడుల లెక్క కూడా చెరిగిపోతుంది. అందుకని ఫోటోరెక్ లెక్కల జోలికే పోదు. డిస్కంతా చాళ్ళు చాళ్ళుగా నడుస్తూ, జేపెగ్ బొమ్మ మొదట్లో వుండే ఎఫ్ఎఫ్, డి8, ఎఫ్ఎఫ్ అనే గుర్తును వెతుకుతుంది.

నాది సెకండ్‌హాండ్ లాప్‌టాప్, తిరిగే హార్డ్‌డిస్కు. అదే అదృష్టం. ఎస్ఎస్‌డి అయితే ట్రిమ్ అనే ఆజ్ఞ ఖాళీ అయిన గడులను చెప్పేస్తుంది, డిస్కు వాటిని తనే తుడిచేసుకుంటుంది. ఉబుంటులో ఆ పని వారానికొకసారి, సోమవారం పెట్టి వుంటుంది. మరి నాకది ఆదివారం రాత్రి!

తెల్లవారేదాకా నడిచింది. పదకొండువేల పైచిలుకు బొమ్మలు వచ్చాయి. బ్రౌజరులో యెప్పుడో చూసిన సినిమా పోస్టర్లు, క్రికెటర్లు, ఎవరివో పెళ్ళి ఫోటోలు. పేర్లు పోయాయి, ఎఫ్ అనే అక్షరం, వెనక అంకెలు. ఫోటో లోపల దాగివుండే తేదీని బట్టి దసరా సెలవులవి యేరితే నలభైమూడింటికి ముప్ఫైతొమ్మిది దొరికాయి. రెండో రికార్డింగు రాలేదు. బైనామావి మూడు ఫోటోలూ వచ్చాయి గాని, హద్దులున్న ఫోటో సగం నుంచి కిందికి బూడిదరంగు. తూర్పు, ఉత్తరం కనిపిస్తున్నాయి. దక్షిణం, పడమర లేవు.

1998లో పిక్సార్ స్టూడియోలో ఇదే ఆర్ఎమ్ 'టాయ్ స్టోరీ 2' సినిమాని చాలావరకు తినేసింది. బాకప్ టేపులు పనిచెయ్యలేదు. పసిబిడ్డతో ఇంటినుంచే పనిచేస్తున్న ఒక టెక్నికల్ డైరెక్టరమ్మ ఇంట్లో ప్రతి వుండబట్టి బ్రతికారు. ఇది చదివి నాకు కొంచెం ధైర్యమొచ్చింది. తెలివైనవాళ్ళూ చేస్తారన్నమాట.

ఇప్పుడా అరనిమిషం సంగతి. పడమటి హద్దు నాకు ముందే తెలుసు. ఛత్తా బజారులో చిచా చదివిన రోజే విన్నాను, "మగ్రిబ్ మే నాలా" అని. పడమర వాగు. అంటే తాత కొన్నది వాగు దాకానే. విస్తీర్ణం మూడెకరాల పది గుంటలని వుంది, వాగు ఇవతల కొలిస్తే మూడెకరాలే వస్తుంది. ఆ పది గుంటల తేడా కోసమే ఇంత రగడ. అప్పట్లో వాగు ఇంకాస్త అవతల పారేదేమో అని చిచా కూడా అన్నాడు, కాని కాగితంలో ఆ మాట లేదు. నాయినకి నేను చెప్పలేదు. అన్నీ తెలుగులో వ్రాసి ఒక్కసారే చెబుతానన్నాను. ఆ రాత్రి ఫోల్డరు ఖాళీగా కనిపించినప్పుడు, పోతే పోయిందిలే, ఎవరడుగుతారు అని ఒక ఆలోచన వచ్చింది. వ్రాయటానికి సిగ్గుగానే వుంది. అప్పటికే ఆ రికార్డింగు కాపీ అయి పెన్‌డ్రైవులో వుంది. ఫోటో సగం చెరిగింది కాబట్టి, పడమర యేముందో చెప్పగలిగినది ఇప్పుడు అదొక్కటే.

సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు రాత్రి అన్నాలయ్యాక నాయినకి వినిపించాను. ఉర్దూ ముక్క రాదు ఆయనకి. మొదటిసారి వూరికే విన్నాడు. "మళ్ళ పెట్టు" అన్నాడు. రెండోసారి "నాలా" దగ్గర చెయ్యెత్తి ఆపమన్నాడు.

"నాలా అంటే వాగేగదరా?"

అవునన్నాను. అమ్మ గిన్నెలు కడుగుతున్నదల్లా మావైపు చూసింది.

చాలాసేపు బీడీ వెలిగించకుండా వేళ్ళమధ్య పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత, "రేపు పొద్దుగాల పోయి మీ పెద్దనాయనను పిల్చుకరా. ఆయనగూడ వినాలె" అన్నాడు.