గుండీల చదువు

మాకు ఇద్దరు మనవలు. ఇంటికి వచ్చినవాళ్ళు పెద్దవాణ్ణి మార్కులు అడుగుతారు. చిన్నవాణ్ణి చూసి, "బాగున్నాడా?" అని ఊరుకుంటారు. బాగానే ఉన్నాడండీ! కాకపోతే వాడి చదువు వేరు. డాక్టర్లు వాడికున్నది మేధోవైకల్యం అన్నారు.

2020 నాటికి వాడికి తొమ్మిదేళ్ళు. ప్రత్యేక పాఠశాలలో నాలుగేళ్ళు చదివి చొక్కా గుండీలు పెట్టుకోవడం, వరుసలో నిలబడటం, పది నోటునూ ఇరవై నోటునూ పోల్చుకోవడం, పెద్దలకు నమస్కారం పెట్టడం నేర్చాడు. వీటికి ర్యాంకులుండవు. కాని ఒక్క గుండీ వెనక ఆరునెలల శ్రమ ఉంది. టీచరమ్మ వాడి వేళ్ళు పట్టుకుని, గుండీని ముప్పాతికదాకా తానే దూర్చి, చివరి లాగుడు వాడికి వదిలేది. అది పట్టుబడ్డాక మరికాస్త ముందునుంచి. పని పూర్తిచేసిన సంతోషం మాత్రం ఏ రోజుకారోజు వాడిదే.

ఆ మార్చిలో కరోనాతో బడులు మూతపడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్‌లోనూ, టీ-శాట్‌లోనూ పాఠాలు మొదలయ్యాయి. పెద్దవాడు బుద్ధిగా కూర్చుని రాసుకున్నాడు. చిన్నవాడికి ఫోనులో క్లాసు. అగ్గిపెట్టంత తెరలో టీచరమ్మ పలకరించగానే, వాడు ఫోను వెనక్కి తిప్పి ఆవిడకోసం వెతికాడు. అన్నగారు పకపకా నవ్వాడు. మా కోడలు మాత్రం లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

దసరా నాటికి గుండీలు మరిచాడు. నోట్లు కలగలిసిపోయాయి. నమస్కారం మాత్రం నిలిచింది. రోజూ పొద్దున్నే నాకు పెడతాడు కదా! వాడుకలో ఉన్నది మిగిలింది, లేనిది పోయింది.

ఆ సంగతి గ్రహించి కాబోలు, టీచరమ్మ పద్ధతి మార్చింది. "అమ్మా, ఫోనులో వాడికి చెప్పలేను. మీకు చెబుతాను, మీరు వాడికి చెప్పండి" అంది. రోజూ స్నానం కాగానే పావుగంట గుండీలు. సాయంత్రం కూరలబండి దగ్గర నోట్లు. మా కోడలు ఇంటినుంచే ఆఫీసు పని చేస్తూ, ఈ పావుగంటను మాత్రం ఒక్కనాడూ తప్పనివ్వలేదు.

2021 సెప్టెంబరులో బడి తెరిచాక, వయసునుబట్టి పై తరగతికి పంపుతామన్నారు. "వయసు కాదండీ, వాడికి ఏం వచ్చో చూసి అక్కణ్ణుంచి మొదలుపెట్టండి" అంది మా కోడలు. పట్టుబట్టి సాధించింది కూడా.

నలభై శాతం, ఆపైన వైకల్యమున్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ వరకూ ఉచిత విద్య హక్కని 2016 నాటి చట్టం చెబుతోంది. మంచిదే. కాని పోయిన ఏడాదిన్నరను పద్దెనిమిది మీద ఎవరు కలుపుతారు? వాడికప్పుడే మీసకట్టు వస్తోంది.

అందుకే వేసవి సెలవుల్లోనూ మా ఇంట్లో ఆ పావుగంట బడి మూయరు. మీ ఇంట ఇటువంటి బిడ్డ ఉంటే, సెలవులకు ముందే టీచరుగారిని ఒక్కమాట అడిగి ఉంచుకోండి: "ఇంట్లో రోజూ ఏది చేయించమంటారు?" అని.