వెనక సీటు పెద్దరికం

మావారు రిటైరయ్యాక కారు కొన్నారు. కొన్న వారానికే దాని నోరు మూయించారు. బెల్టు పెట్టుకోకపోతే కుంయ్ కుంయ్‌మని ఒకటే గోల కదా! ఎక్కణ్ణుంచో ఓ చిన్న క్లిప్పు తెచ్చి, బెల్టు కొస దూర్చవలసిన చోట గుచ్చేశారు. పిచ్చి కారు, అయ్యగారు బెల్టు పెట్టుకున్నారనుకుని ఊరుకుంది.

నేను మాత్రం తక్కువ తిన్నానా? వెనక సీటంటే పెద్దరికం. అక్కడ కూడా బెల్టేమిటి? పైగా పట్టుచీర నలిగిపోదూ! అసలు కారు కొన్నదే చీర నలక్కుండా పెళ్ళిళ్ళకి వెళ్ళడానికి. కాదంటారా?

హైదరాబాదులో అత్తవారింట అమ్మాయి సీమంతం అయ్యాక, పురిటికి విజయవాడ తీసుకొస్తున్నాం. ఏడో నెల. నా పక్కన కూర్చుంటూనే అది బెల్టు లాక్కుంది. నా గుండె గుభేలుమంది.

"అదేమిటే! కడుపు నొక్కుకుపోదూ? తీసెయ్!"

"డాక్టరమ్మే చెప్పిందమ్మా, చూడు" అని చూపించింది. కింది పట్టీ పొట్ట మీంచి కాదట, పొట్ట కిందుగా తుంటి ఎముకల మీంచి పోవాలిట. పై పట్టీ రొమ్ముల మధ్యనుంచి పొట్ట పక్కగా దిగాలిట.

"ముగ్గుర్ని కన్నాను, ఏ బెల్టు కట్టుకుని కన్నానే?"

"నువ్వు రిక్షాలో వెళ్ళావమ్మా. ఇప్పుడు తొంభై మీద పోతున్నాం."

అయినా నా సణుగుడు ఆగలేదు. సూర్యాపేట దాటాక ఓ గేదె రోడ్డు మధ్యకొచ్చి నిలబడింది. మావారు బ్రేకు మీద నిలబడ్డారు. నా నుదురు ముందు సీటుకి ఠపీమని కొట్టుకుంది. వెనక అద్దం దగ్గర పెట్టిన సారె డబ్బా నా చెవి పక్కనుంచి దూసుకుపోయి ముందు అద్దం కింద పడింది. కారు నిండా సున్నుండలు. మావారు స్టీరింగుకి తగిలిన ఛాతీ రుద్దుకుంటున్నారు. అమ్మాయి మాత్రం కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. పొట్ట మీద చెయ్యి వేసుకుని, "కదులుతోందమ్మా" అంది.

నాకు ఏడుపొచ్చింది. నుదుటి బొప్పికి కాదు. తీసెయ్ తీసెయ్ అని నేను పోరిన పోరుకి అది లొంగిపోయి ఉంటే? ఊరు చేరగానే డాక్టరుకి చూపించాం. అంతా బాగానే ఉందన్నాక గాని నా గొంతులోకి మంచినీళ్ళు దిగలేదు.

మర్నాడు అమ్మాయి మా ఇద్దర్నీ కార్లో కూచోబెట్టి పాఠం చెప్పింది. బెల్టు మెల్లగా లాగితే వస్తుంది, విసురుగా లాగితే బిగుసుకుంటుంది. దాని ప్రాణరహస్యమంతా ఆ బిగింపులోనే ఉందిట. ఎదట గాలిసంచి ఉంది కదా అనుకుంటే కుదరదు. అది బెల్టుకి తోడే గాని బదులు కాదు. బెల్టు లేకపోతే, సంచి తెరుచుకునే వేళకి మనమే దాని మీదకి విసిరిపారేసినట్టు పడతాం. 1959లో నీల్స్ బోలిన్ అనే స్వీడన్ ఇంజనీరు వోల్వో కంపెనీలో ఈ బెల్టు తయారుచేస్తే, ఆ కంపెనీ మిగతా కంపెనీల వాళ్ళూ వాడుకోవచ్చని వదిలిపెట్టిందిట! వాళ్ళు ఊరికే ఇచ్చినదాన్ని మనం డబ్బిచ్చి క్లిప్పు కొని మరీ వద్దంటున్నాం. ఆ క్లిప్పులు అమ్మవద్దని 2023లో ప్రభుత్వమే ఆన్‌లైను దుకాణాలకి ఉత్తర్వులిచ్చిందిట. వెనక సీటు వాళ్ళూ బెల్టు పెట్టుకోవాలనే చట్టం. లేకపోతే వెయ్యి రూపాయలు జరిమానా.

మావారు మాట్లాడకుండా క్లిప్పు పీకి చెత్తబుట్టలో పడేశారు. సారె డబ్బాలు డిక్కీలోకి వెళ్ళాయి.

ఇప్పుడు మనవరాలికి పదినెలలు. దాని బుల్లి సీటు దానిదే. ఒళ్ళో కూచోబెట్టుకోవాలని నాకు ప్రాణం కొట్టుకుపోతుంది. అయినా బండి ఆగేదాకా ఓపిక పడుతున్నాను.

మొన్న పెళ్ళిలో మా వదిన, "అదేమిటి, కొత్త పట్టుచీర అంతలా నలిగిపోయింది?" అంది.

"బెల్టు వదినా!" అన్నాను, ఏ వడ్డాణమో చూపిస్తున్నంత గొప్పగా.