కొల్లేటికోట: నీటి నడుమ ఒక ఊరు

దేశపటంలో చుక్కగా కూడా కనిపించని ఊళ్లు మన ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. అటువంటి వాటిలో ఒకటైన కొల్లేటికోటను గురించి ఈ నెల నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాము.

ఉల్లిపాయల వ్యాపారానికి పేరుబడ్డ తాడేపల్లిగూడెంలో రైలెక్కి ఏలూరులో దిగాము. అక్కడ కైకలూరు బస్సు పట్టుకుంటే, కొంతదూరం పోయాక రోడ్డుకు రెండువైపులా నీరే. పెదఎడ్లగాడి వంతెన దాటేటప్పుడు బస్సులో మాటలు వాటంతటవే ఆగిపోతాయి, అందరూ కిటికీలవైపే చూస్తారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు ఆ నీరంతా చివరికి చేరింది ఇక్కడికే. ఈ రోడ్డు మునిగి రాకపోకలు ఆగిపోయాయి. కైకలూరు నుండి ఆలపాడు మీదుగా వెళితే కొల్లేటికోట వస్తుంది.

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న పల్లం. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏళ్లు ఇందులో కలుస్తాయి. సముద్రానికి పోయే దారి మాత్రం ఒక్క ఉప్పుటేరే. మనం బైబిలులో చదివే గలిలయ సముద్రం విస్తీర్ణం సుమారు 166 చదరపు కిలోమీటర్లు. కొల్లేటిలో అభయారణ్యంగా ప్రకటించిన భాగమే 308 చదరపు కిలోమీటర్లు! అయితే గలిలయ ఎంతో లోతైనది, కొల్లేరు చాలాచోట్ల నిలువెత్తు నీరు కూడా ఉండని మడుగు. అందుకే దీని మధ్యలో మెరక ఉన్నచోటల్లా మనుషులు ఇళ్లు కట్టుకున్నారు. వాటినే లంకలంటారు.

ఈ కాపురాలు ఈనాటివి కావు. ఏలూరు దగ్గరి పెదవేగిని ఒకప్పుడు వేంగి అనేవారు. అక్కడినుండి ఏలిన శాలంకాయన రాజు విజయనందివర్మ తామ్రశాసనం ఈ కొల్లేటిలోనే దొరికింది. తరువాతి కాలంలో ఒరిస్సా గజపతులకు కొల్లేటికోటలో కోట ఉండేదంటారు. శత్రువులు చిగురుకోటలో దిగి, నీటిని దాటలేక, కొల్లేటి నీరు సముద్రంలోకి పోయేలా ఉప్పుటేరు తవ్వించారట. ఆ సందర్భంలో ఒక దళపతి కన్నకూతురినే బలి ఇచ్చాడనీ, అందుకే ఆ కాలువకు పేరంటాలకనుమ అనే పేరు వచ్చిందనీ కథ. నిజానిజాలు ఎలా ఉన్నా, నీరు తీసేస్తే ఈ ఊరికి దిక్కు లేదని శత్రువు కూడా గ్రహించాడన్నమాట. చేపలు పట్టి బతికే ఇక్కడి వడ్డి కులస్థులు తాము ఆ గజపతుల సైనికుల సంతతేనని చెప్పుకుంటారు. నేడు ఊరికి బయట పేరు తెచ్చింది పెద్దింట్లమ్మ గుడి, ఫాల్గుణంలో జరిగే జాతర.

లంకలో జనాభా సంగతి మైదానపు ఊళ్లవంటిది కాదు. మన ఊరిలో కొడుక్కి పెళ్లయితే పొలం అంచున ఇంకో ఇల్లు వేస్తాము. ఇక్కడ మెరక ఎంతో ఊరూ అంతే. గోడకు గోడ ఆనుకొని ఇళ్లు, మధ్య మనిషి పట్టేంత సందు. ఇల్లు పెరగాలంటే వాకిలి తగ్గాలి.

పూర్వం వానాకాలమంతా తాటి దోనెలు, వలలు, మావులతో చేపల వేట సాగేది. వేసవికి నీరు తీశాక అదే నేలలో దాళ్వా వరి వేసేవారు. ముందే వరద వస్తే అదీ పోయేది. 1970లలో మత్స్యకారుల సహకార సంఘాలకు చేపల చెరువులు ఇవ్వడంతో కొంత ఊరట కలిగింది. ఆ వెనకే పట్నాల పెట్టుబడి దిగింది. చెరువు పేరుకు సంఘానిది, రాబడి మాత్రం లీజుదారుడిది. ఎవరు ఏమన్నా, కొల్లేటికి జరిగిన అసలు అన్యాయం ఇక్కడే మొదలైందని మా అభిప్రాయం.

1999లో ఐదో కాంటూరు లోపలి భాగాన్ని అభయారణ్యం చేశారు. 2002లో దీనికి రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో కోర్టు ఆదేశాల మీద చెరువు గట్లను పేల్చివేశారు. పక్షులకు చోటు కావలసిందే, కాదనము. కాని లీజుదారులు సామాను సర్దుకొని ఇంకోచోటికి పోగలిగారు. లంకవారికి ఆ దారి లేదు. ఎన్నో కుటుంబాలు భీమవరం, కైకలూరు వైపు పరుల చెరువుల మీద కాపలాకు, పట్టుబడి కూలికి వెళ్లిపోయాయి. చుట్టూ నీరున్నా తాగడానికి నీళ్ల డబ్బా కొనుక్కోవలసి రావడం, ఊళ్లో ఉండిపోయిన ఆడవారికి మరో బాధ. పట్నాల మురుగంతా ఏళ్ల వెంట ఇందులోకే వస్తుంది మరి.

2011 జనాభా లెక్కలలోనే ఏలూరు పట్టణం రెండు లక్షలు, తాడేపల్లిగూడెం లక్ష దాటాయి. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు కృష్ణా జిల్లాలో ఉన్న కొల్లేటికోట ఏలూరు జిల్లాలోకి మారింది. తరువాతి జనగణన 2027లో అని ప్రభుత్వం ప్రకటించింది. లెక్కల రోజులన్నీ ఊరికి దూరంగా ఉన్నవారిని ఎక్కడున్నవారిని అక్కడే రాసుకుంటారు. భీమవరం వైపు చెరువు గట్టు మీద పాకలో ఉండే లంక కుటుంబం ఆ గట్టున్న ఊరి లెక్కలోకే పోతుంది. ఇక్కడ వాళ్ల ఇంటికి తాళం వేసి ఉంటుంది.